వైర్‌లెస్ లైట్లు చేతికొచ్చిన మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

సీరియల్ ఫ్లోర్‌లో లైట్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే లైటింగ్ డెస్క్ నీకు అప్పజెప్పారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఎల్‌ఈడీ ప్యానెళ్లు, ట్యూబులు అన్నీ వైర్‌లెస్సేనట కదా. నా సర్వీసంతా ఈ లైట్ల కిందే గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుంది, ఇది దగ్గర పెట్టుకో.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతా. పొద్దున్నే ఖాళీ ఫ్లోర్‌లో లైట్లన్నీ చెప్పినట్టు వింటే సంబరపడకు. ఆ టెస్ట్ లెక్కలోకి రాదు. మనం వాడే వైర్‌లెస్ డీఎంఎక్స్, అంటే డెస్క్ మాటని గాలిలో లైట్లకి చేర్చే పద్ధతి, ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లో నడుస్తుంది. వైఫై, బ్లూటూత్, కాలర్‌కి పెట్టే చిన్న మైకులు కొన్ని, అన్నీ అక్కడే ఉంటాయి. పైగా మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ సిగ్నల్‌ని బాగా తాగేస్తుంది. పెళ్లి సీన్‌కి జూనియర్ ఆర్టిస్టులు వరసగా నిలబడితే, అందరి జేబుల్లో ఫోన్లుంటే, పొద్దున పలికిన లైటు మధ్యాహ్నం పలకకపోవచ్చు. అందుకే యూనిట్ అంతా లోపలికొచ్చి, తలుపులు మూసి, కెమెరా వాళ్ల వైర్‌లెస్ మానిటర్లు ఆన్ అయ్యాక రిహార్సల్ సమయంలోనే ఇంకోసారి అన్ని లైట్లూ ఒకసారి పైకి, ఒకసారి కిందికి నడిపి చూడు. రెండు నిమిషాల పని. డైరెక్టర్ గారు తొందరపెట్టినా అడిగి చెయ్యి.

ఆ సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్‌ని డెస్క్ పక్కన టేబుల్ మీద పెట్టేస్తారు చాలామంది. అలా వద్దు. స్టాండ్ మీద తలలకంటే ఎత్తులో పెట్టు. లైట్లు కట్టే లోహపు ట్రస్‌కి, ఎల్‌ఈడీ వాల్‌కి, వైఫై రౌటర్‌కి దూరంగా ఉండాలి. యాంటెన్నాని లైటు వైపు తుపాకీలా గురిపెట్టొద్దు. కడ్డీ యాంటెన్నా సిగ్నల్ చుట్టూ పక్కలకి పోతుంది, కొన దిక్కున అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. నిలువుగా నిలబెట్టు, లైట్ల మీద యాంటెన్నాలు కూడా నిలువుగానే ఉండేలా చూడు. ఫ్లోర్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చమని ప్రొడక్షన్ వాళ్లని అడుగు. ఐతే వైర్‌లెస్ వీడియో చాలావరకు అక్కడే నడుస్తుంది కాబట్టి, ముందు కెమెరా అసిస్టెంట్‌తోనూ సౌండ్ ఆయనతోనూ కూర్చుని ఎవరు ఏ రేడియో ఛానెల్లో ఉన్నారో కాగితం మీద రాసుకోండి. ఇలా ఒక్కసారి కూర్చుంటే షెడ్యూల్ అంతా గొడవ ఉండదు.

లింక్ చెయ్యడం, అంటే లైటుని నీ ట్రాన్స్‌మిటర్‌కి జతచెయ్యడం దగ్గర జాగ్రత్త. ట్రాన్స్‌మిటర్ మీద లింక్ బటన్ నొక్కావంటే, ఆ రేంజ్‌లో ఆన్‌లో ఉండి ఎవరికీ లింక్ కాని ప్రతి లైటూ నీకు వచ్చి తగులుకుంటుంది. సారథి స్టూడియోలో కానీ అన్నపూర్ణలో కానీ ఫ్లోర్లు పక్కపక్కనే కదా, గోడ అవతలి వాళ్ల లైటు నీ చేతికి రావచ్చు, నీది వాళ్ల చేతికి పోవచ్చు. రెంటల్ నుంచి వచ్చిన లైట్లకి ఇంకో చిక్కుంది: ముందు వాడినవాళ్ల లింక్ అలాగే గుర్తుంచుకుని వస్తాయి. కాబట్టి బాక్స్ తెరవగానే ఒక్కో లైటునీ అన్‌లింక్ చెయ్యి, తర్వాత నీవి మాత్రమే ఆన్ చేసి లింక్ కొట్టు. సీఆర్‌ఎంఎక్స్ అనే వైర్‌లెస్ డీఎంఎక్స్ రకంలో కొత్త తరం వాటికి నంబర్ కోడ్‌తో లింక్ చేసే వీలుంది. నీ ట్రాన్స్‌మిటర్‌కి అదుంటే అదే వాడు.

ఏ లైటు ఏ ఛానెల్ నుంచి మొదలవుతుందో చెప్పే అడ్రసుల లెక్క నీకు తెలిసిందే అయినా చెబుతా. డీఎంఎక్స్ 512 పద్ధతి 1986లో అమెరికాలో స్టేజి లైట్ల కోసం వచ్చింది. కేబుల్ పోయి గాలి వచ్చినా, లోపల నడిచేది అదే. ఒక యూనివర్స్‌లో, అంటే ఒక డీఎంఎక్స్ లైన్‌లో, 512 ఛానెళ్లే. విడివిడిగా రంగు మార్చగల 16 ముక్కలు, అంటే 16 పిక్సెళ్లు ఉన్న ట్యూబుని పిక్సెల్‌కి 3 ఛానెళ్ల చొప్పున నడిపితే ఒక్క ట్యూబే 48 తినేస్తుంది. 10 ట్యూబులకి 480, పదకొండోది పట్టదు. సీరియల్ ఇంటి సెట్‌లో ప్రతి ట్యూబుకీ పిక్సెళ్లు విడివిడిగా ఎందుకు? పండగ సీన్‌కో, పాటకో తప్ప, ట్యూబంతా ఒకే లైటులా నడిచే మామూలు మోడ్‌లో పెట్టెయ్. ఫేడ్ చెయ్యాల్సిన లైటుకి మాత్రం 16 బిట్ మోడ్ ఇవ్వు. 8 బిట్‌లో 256 మెట్లే కాబట్టి చీకటిలోకి దిగేటప్పుడు వెలుగు మెట్టుమెట్టుగా గెంతుతుంది, క్లోజప్‌లో మొహం మీద అది కనిపిస్తుంది.

ఇంకోటి, డీఎంఎక్స్‌లో డెస్క్ చెబుతుంది కానీ లైటు బదులు చెప్పదు. నీ స్క్రీన్ మీద 60 శాతం అని ఉన్నంత మాత్రాన అక్కడ లైటు 60లో ఉందని నమ్మకు. తల ఎత్తి చూడు, మానిటర్‌లో చూడు. బదులు చెప్పే ఆర్‌డీఎం అని ఒకటుంది, నీ లైట్లూ ట్రాన్స్‌మిటరూ రెండూ దానికి ఒప్పుకుంటేనే పనికొస్తుంది.

సిగ్నల్ పోతే లైటు ఏం చెయ్యాలో లైటు మెనూలో ముందే పెట్టుకోవచ్చు. చాలామంది దీన్ని ముట్టుకోరు, నాకు అది చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. హీరోయిన్ కన్నీళ్లు పెట్టుకునే సీన్‌లో కీ లైటు, అంటే మొహం మీద పడే ముఖ్యమైన లైటు, టప్పున ఆరిపోతే ఆ టేక్ మళ్లీ రాదమ్మా. కీ, నీడలు తగ్గించే ఫిల్, బ్యాక్‌గ్రౌండ్ లైట్లన్నిటికీ ఆఖరి లెవెల్ పట్టుకుని ఉండేలా ‘హోల్డ్’ పెట్టు. కానీ మెరుపులకి, స్ట్రోబ్‌కి వాడే లైటుకి హోల్డ్ పెట్టకు. సరిగ్గా మెరుపు మధ్యలో సిగ్నల్ తెగితే అది ఫుల్‌లోనే ఉండిపోయి సెట్ మొత్తం తెల్లబడుతుంది. దానికి ఆరిపోయేలా ‘బ్లాకౌట్’ పెట్టు. పెట్టాక ట్రాన్స్‌మిటర్ ప్లగ్ నువ్వే పీకి, ఏది వెలుగుతోందో ఏది ఆరిందో కళ్లారా చూసుకో. అలాగే ఎక్కడికీ కదలని కీ లైటుకి కేబుల్ వెయ్యగలిగితే కేబులే వెయ్యి. డోర్ చాటున దాచేవి, నడిచే షాట్‌లో మోసుకెళ్లేవి, కారులో పెట్టేవి, వీటికి వైర్‌లెస్ నిజంగా వరం.

ఫోన్ యాప్‌తో నడపడం ఇద్దరు కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూకి చాలు. అప్పుడు కూడా ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే ఆన్ చెయ్యి. ఒకేసారి చాలా కెమెరాలతో తీసే మల్టీకామ్ సీన్‌కి యాప్ మీద ఆధారపడొద్దు.

ఫ్లికర్, అంటే కెమెరాలో లైటు మినుకుమినుకుమనడం సంగతి: మన దగ్గర సెకనుకి 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్. ఫుల్‌లో బాగున్న లైటు 5 శాతానికి దించితే చారలు రావచ్చు. వాడబోయే కెమెరాతోనే, వాడబోయే లెవెల్‌లోనే చూడు. స్లో మోషన్ ఉంటే మళ్లీ చూడు.

ప్రతి సీన్‌నీ సీన్ నంబర్‌తో సేవ్ చెయ్యి. హాల్, రాత్రి, కీ లైటు రంగు 3200 కెల్విన్, ఎంత శాతం, అన్నీ నోట్‌బుక్‌లో కూడా ఉండాలి. అదే హాల్‌లో నెలల తరబడి షూట్ చేస్తారు, కంటిన్యుటీ అడిగేది నిన్నే.

డెస్క్‌లో సున్నా చేసినంత మాత్రాన లైటుకి కరెంట్ పోయినట్టు కాదు. ఎవరైనా లైటు విప్పుతుంటే ప్లగ్ తీసి ఉందో లేదో నువ్వే అడుగు. పైన కట్టిన ప్రతిదానికీ సేఫ్టీ చైన్ ఉండాలి. బ్యాటరీలని మే ఎండలో వ్యాన్‌లో వదలనివ్వొద్దు. కృష్ణానగర్ నుంచి తెల్లారకముందే బయలుదేరి వచ్చే లైట్‌మెన్‌ని ‘అన్నా’ అని పిలువు. ఏ లైటు రాత్రి వేడెక్కిందో, ఏ బ్యాటరీ తొందరగా దిగిపోతోందో నీ స్క్రీన్ కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

ఆదివారం సెలవు దొరికితే ఇంటికి రా, ఏ లైటుకి ఏ అడ్రసో రాసుకున్న నీ ప్యాచ్ షీట్ కూడా పట్టుకురా. అడ్రసులన్నీ ఒకసారి కలిసి చూద్దాం. అత్తయ్య నిన్ను అడుగుతోంది.

మీ మామయ్య