కంటి రక్తనాళాలు కొలిచే చదువు: బైపీసీ అమ్మాయికి దారి ఎటు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. మా అత్తగారికి షుగర్. కంటి ఆసుపత్రిలో ఆవిడకి రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) ఫోటో తీసినప్పుడు పాప పక్కనే ఉంది. తెర మీద రక్తనాళాలు చూపించి, వీటి వెడల్పు కూడా కొలవొచ్చని అక్కడివాళ్ళు చెప్పారట. అప్పట్నుంచి ‘నేను అదే చదువుతా’నంటోంది. అలాంటి కోర్సు ఉందా? ఉద్యోగం వస్తుందా? మావారేమో మళ్ళీ లాంగ్ టర్మ్‌లో చేర్పిద్దామంటున్నారు.
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, సూటిగానే చెప్తాను. రెటీనా రక్తనాళాలు కొలవడం అనే పేరుతో డిగ్రీ ఏదీ లేదు. ఆ ఒక్క పనికే జీతమిచ్చే ఉద్యోగం మన ఊరి ఆసుపత్రుల్లో దొరుకుతుందని ఆశ పెట్టను. అక్కడ రోజూ జరిగేది షుగర్ ఉన్నవాళ్ళకి ఫండస్ ఫోటో (అంటే ఆ రెటీనా ఫోటోనే), రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్, అవసరమైతే రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్. నాళం వెడల్పును మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్కగట్టడం ఇప్పటికీ ఎక్కువగా పరిశోధకుల పని. అయినా పాప కోరికను కొట్టిపారేయకండి. ఆ అమ్మాయి చూపు పడ్డది చాలా గొప్ప విషయం మీద.

కోత పెట్టకుండా, సూది గుచ్చకుండా ఒంట్లోని రక్తనాళాలు నేరుగా కనిపించే చోటు రెటీనా. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం చేసిన నాటినుంచి డాక్టర్లు ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. బీపీ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే ఇక్కడి సన్న ధమనులు ఇంకా సన్నబడతాయి. మామూలుగా ధమని, సిర వెడల్పుల నిష్పత్తి సుమారు 2:3 ఉంటుంది. కంటి పవర్ మారితే ఫోటోలో నాళం పెద్దగానో చిన్నగానో పడుతుంది కాబట్టి ఆ తేడా పడకుండా ఈ నిష్పత్తిని వాడుతూ వచ్చారు. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు లెక్క పద్ధతిని సరిదిద్ది, ఆప్టిక్ డిస్క్ (కంటి నరం రెటీనాని కలిసే గుండ్రటి చోటు) చుట్టూ నిర్ణీత దూరంలో ఉన్న ఆరు పెద్ద ధమనులు, ఆరు పెద్ద సిరలు కొలిస్తే చాలన్నారు.

ఏ కాలేజీకీ ఫీజు కట్టక ముందే మీ అమ్మాయి చేత ఒక పని చేయించండి. పైసా ఖర్చు లేదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2004లో ‘డ్రైవ్’ పేరుతో 40 రెటీనా ఫోటోలు అందరికీ అందుబాటులో పెట్టారు. ‘ఇమేజ్‌జే’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది. ఫోటోను మూడు రంగులుగా విడగొట్టి ఆకుపచ్చది ఉంచుకోమనండి. రక్తం ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి నాళాలు అందులోనే నల్లగా, స్పష్టంగా కనబడతాయి. ఒక నాళానికి అడ్డంగా, సరిగ్గా లంబంగా గీత గీసి, దాని వెంట వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్ తీస్తే మధ్యలో ఒక పల్లం వస్తుంది. ఆ పల్లం సగం లోతులో ఎంత వెడల్పుందో అదే నాళం వెడల్పు.

చెప్పడానికి తేలికే. చేసేటప్పుడు తెలుస్తుంది. ధమని నడుమ వెలుగు ప్రతిఫలించి పల్లం మధ్యలో చిన్న బుడిపె లేస్తుంది, ఒకే నాళం రెండు నాళాల్లా కనిపిస్తుంది. అంచు ఎక్కడ మొదలైందో తేలదు. నాళం వెడల్పు మొత్తం కొన్ని పిక్సెళ్ళే (ఫోటోలోని చుక్కలే), అందులో ఒక్కటి అటూ ఇటూ అయినా లెక్క మారిపోతుంది. ఈరోజు కొలిచిన నాళాలనే వారం తర్వాత, పాత అంకెలు చూడకుండా మళ్ళీ కొలవమనండి. రెండు అంకెలూ కలవకపోతే పాప విసుక్కుని మూసేస్తుందా, లేక ఎందుకు కలవలేదని కూర్చుని వెతుకుతుందా? మీరు గమనించాల్సింది అదే. నా దృష్టిలో ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ ఇంతకన్నా నిజం చెప్పదు.

వెతికే రకమైతే మీకున్న మంచి దారి ఆప్టోమెట్రీ డిగ్రీ, అంటే కంటి పరీక్షలు చేసే చదువు. బైపీసీ వాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. కంటి పరీక్ష, రెటీనా ఫోటో, స్కాన్ అన్నీ చేతికి వస్తాయి, మంచి ఆప్టోమెట్రిస్టుకి పని దొరకడం కష్టం కాదు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్ ఉంది, గుంటూరు వైపు పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. ముందుగా అడిగి, ఒక పూట అక్కడి ఆప్టోమెట్రిస్టుతో మాట్లాడించండి. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, ఇంజినీరింగ్ చదివిన పక్కింటి పిల్లల ప్యాకేజీలతో పోల్చకండి. పరిశోధన వైపు వెళ్ళాలంటే ఆ తర్వాత మాస్టర్స్, పీహెచ్‌డీ ఉన్నాయి. కాకపోతే బైపీసీలో లెక్కలు వదిలేసిన పిల్ల కాబట్టి డిగ్రీ చదువుతూనే స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ఇది తప్పదు. బయోమెడికల్ ఇంజినీరింగ్ ఎక్కువగా ఎంపీసీ పిల్లల దారి, దాని గురించి మీరు ఇప్పుడు తల పట్టుకోనక్కర్లేదు.

ఏఐ వచ్చి ఈ పనంతా లాగేసుకుంటుందని ఎవరైనా అంటారు. నాళాల్ని ఫోటోలోంచి వేరుచేసే పని కంప్యూటర్ బాగానే చేస్తోంది, నిజమే. కానీ దానికి నేర్పింది మనుషులు చేత్తో గీసిన గీతలు. 2016లో గూగుల్ వాళ్ళు షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బును గుర్తుపట్టడం కంప్యూటర్‌కి నేర్పినప్పుడు మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ లాంటి ఆసుపత్రుల ఫోటోలు వాడారు, వాటికి గ్రేడు వేసింది కంటి డాక్టర్లే. శుక్లం ఉన్న పెద్దాయన కంట్లోంచి మసక ఫోటో వస్తే దాన్ని నమ్మాలా, మళ్ళీ తీయాలా అని చెప్పేవాళ్ళు ఎప్పుడూ కావాలి. అందుకే ‘మెడికల్ ఏఐ’ అని మూడు నెలల సర్టిఫికెట్ అమ్మేవాళ్ళ దగ్గర డబ్బు పొయ్యకండి. కన్ను తెలియకుండా ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

ఇక లాంగ్ టర్మ్ సంగతి. పాపకి రోగికి వైద్యం చేయాలని, ఆపరేషన్ చేయాలని ఉందా? ఉంటే ఒక్క ఏడాది ఇవ్వండి, తప్పులేదు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు, కంటి డాక్టరవ్వాలంటే ఆపైన ఎంఎస్‌కి మూడేళ్ళు. అలా కాక నలుగురూ అడుగుతారనే మొహమాటంతో అయితే వద్దు. ఇంట్లోవాళ్ళ మాట కాదనలేక ఏడాదంతా హాస్టల్లో కుంగిపోయే పిల్లల్ని నేను చాలామందిని చూస్తున్నాను. ఈ మాట మీవారికి మీరే నెమ్మదిగా చెప్పాలి. ఆయన్ని కూడా పాప పక్కన కూర్చోబెట్టి ఆ ఫోటోల్లో నాలుగు నాళాలు కొలిపించండి.

ఆప్టోమెట్రీకే మొగ్గితే కాలేజీ భవనం చూసి మురిసిపోకండి. యూనివర్సిటీ అనుబంధం ఉందా, 2021 చట్టంతో ఏర్పడిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ నిబంధనల ప్రకారం కోర్సు నడుస్తోందా అని రాతపూర్వకంగా అడగండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలోనో, అక్కడ ఫండస్ కెమెరా పిల్లల చేతికిస్తారో, దూరంగా నిలబెట్టి చూపిస్తారో గేటు బయట సీనియర్ పిల్లల్ని అడిగితే చెప్తారు. రెండోదే జవాబైతే వేరే కాలేజీ చూసుకోండి.