డిస్టెన్స్‌లో పీజీ చేస్తే క్లాసులకు పోవాలా అని అడిగారు కదా

ఉద్యోగం చేసుకుంటూ డిస్టెన్స్‌లో పీజీ చేస్తే విలువ ఉంటుందా, ఇంట్లోనే పుస్తకాలు చదువుకుంటే పాసవుతామా, వారాంతం క్లాసులకు పోవాల్సిందేనా అని అడిగారు. నేను చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తూ ఎం.ఏ. ఎకనామిక్స్ డిస్టెన్స్‌లోనే చదివాను, అందుకని రాస్తున్నాను.

విలువ సంగతి ముందు చెప్పేస్తాను. గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో దూరవిద్యలో చేసిన డిగ్రీ అయినా పీజీ అయినా రెగ్యులర్‌తో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది. మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే కోర్సుకు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అనుమతి ఉందో లేదో మాత్రం మీ కళ్ళతో చూసుకోండి, వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది. యూనివర్సిటీకి పేరుంది కదా అని ఊరుకోవద్దు. ఇక మూతి విరిచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మా ఆయన మేనత్త అయితే నా ముఖం మీదే "డబ్బు కడితే పాస్ చేసేస్తారంట కదమ్మా" అనింది. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపమే. రాత్రి పదింటికి పాపను పడుకోబెట్టి, పొద్దున్నకు పప్పు నానబోసి, అప్పుడు పుస్తకం తీసినదాన్ని నేను.

అసలు విషయం మీ మూడో ప్రశ్నలో ఉంది. క్లాసులకు పోవాలి. "అటెండెన్స్ అడగరు, మెటీరియల్ ఉంది కదా, యూట్యూబ్ ఉంది కదా" అని చాలామంది చెబుతారు. వాళ్ళ మాట వినొద్దు. డిస్టెన్స్‌లో చదువు ఆగిపోయేది సిలబస్ కష్టమై కాదు, మనతో పాటు చదివే మనిషి ఒక్కరు కూడా కంటికి కనపడక. ఇది నేను ఖచ్చితంగా చెప్పగలను.

నా సంగతే చెబుతాను. బీకాం అయిన తొమ్మిదేళ్ళకు ఎం.ఏ.లో చేరాను. మెటీరియల్ చాలా ఆలస్యంగా వచ్చింది, అదీ రెండు పేపర్లకు తక్కువ. వచ్చినదేమో ఎవరో ఇంగ్లీషు నుంచి మాటకు మాట దించేసిన తెలుగు. ఉపాంత ప్రయోజనం, ఉదాసీనతా వక్రరేఖ, వ్యాకోచత్వం అనే మాటలతో నాకు ఇబ్బంది లేదు, అవి డిగ్రీలో చూసినవే. అర పేజీ పొడుగున్న వాక్యం చివరికి వచ్చేసరికి క్రియ ఎక్కడుందో తెలియకపోతే ఏం చదవాలి? పుస్తకం రాసేవాళ్ళు ఒక్కసారి పైకి చదువుకుని చూసినా ఈ గతి పట్టదు. మూడు నెలలు ఆ కట్ట బీరువా మీదే ఉండిపోయింది. మానేద్దామనే అనుకున్నాను, ఫీజు పోతే పోయిందని మా ఆయనతో కూడా చెప్పేశాను.

అప్పుడే తిరుపతిలో కాంటాక్ట్ క్లాసులని, అంటే సార్లు ఎదురుగా ఉండి పాఠం చెప్పే క్లాసులని మెసేజ్ వచ్చింది. కట్టిన డబ్బుకు ఒక్కసారన్నా పోయి చూద్దామని బయలుదేరాను. తమిళుల పెరటాసి మాసం (సెప్టెంబరు-అక్టోబరు) మూడో శనివారం అది. మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ నెల శనివారాల్లో తిరుపతి బస్సు ఎక్కడమంటే ఎలా ఉంటుందో. చిత్తూరు బస్టాండులో రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కితే పూతలపట్టు, పాకాల దాటి చంద్రగిరి దాకా నిలబడే ఉన్నాను, పసుపు బట్టలు కట్టుకుని గోవిందలు చెప్పుకుంటూ నడిచిపోయే తమిళ భక్తులు రోడ్డు పొడుగునా. క్లాసుకు చేరేసరికి పదకొండు దగ్గర పడింది. నూట యాభై మందికి పైగా చేరిన కోర్సు, లోపల కూర్చున్నది ఏడుగురు.

సార్ సప్లై చెబుతున్నారు. నన్ను చూసి "రామ్మా, ఏ ఊరు?" అన్నారు. చెప్పాను. పుస్తకం మూసేసి అందరినీ ఊరు, చేసే పని అడిగారు. మదనపల్లె వైపు ఒక పల్లె పోస్టాఫీసులో పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు, యాభైకి దగ్గర వయసు, ఇంట్లో టమాటా సేద్యం. సార్ ఆయన్ను లేపి "టమాటా ధర ఒక ఏడు ఆకాశంలో, ఒక ఏడు రోడ్డు మీద పారబోసేలా ఎందుకుంటుంది?" అని అడిగారు. ఆయన ఏ మాత్రం తడుముకోలేదు. "నారు నాటేటప్పుడు మేము చూసేది ఆ పొద్దు ధర సార్. కాయ తెగేది రెండు నెలలు పైన. ధర ఉందని ఊరంతా నాటితే కాయ వచ్చేనాటికి కొనేవాడు ఉండడు. పడిపోయిందని అందరూ మానేస్తే మళ్ళా లేస్తుంది. మేము ఎప్పుడూ ఒక అడుగు వెనకే" అన్నాడు. సార్ బోర్డు మీద డిమాండ్ గీత, సప్లై గీత గీసి, ధర ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరగడం బాణాలతో చూపిస్తే సాలెగూడు లాగే వచ్చింది. "దీన్నే కాబ్‌వెబ్ సిద్ధాంతం అంటారు, 1934లో కాల్డర్ అనే ఆయన పెట్టిన పేరు, మన అన్న ఇప్పుడు చెప్పింది అదే" అన్నారు. ఆ పోస్టాఫీసు అన్న ముఖం చూడాల్సింది. ఆ అధ్యాయాన్ని నేను ఇంట్లో నాలుగుసార్లు చదివి వదిలేశాను, అక్కడ పది నిమిషాల్లో అర్థమైపోయింది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దగ్గరికి పోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ బోర్డే.

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో ముగ్గురం కలిసి తిన్నాం, నేను, ఆ అన్న, శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక టీచరమ్మాయి. ఫోన్ నంబర్లు రాసుకున్నాం. అక్కడి నుంచి ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదికి ఫోన్లో ఒకరికొకరం ఒక అధ్యాయం చెప్పుకునేవాళ్ళం. నేను అకౌంట్స్ మనిషిని కాబట్టి లెక్కలు నావి, తెలుగులో చక్కగా జవాబు రాయడం టీచరమ్మాయిది, ఏ సిద్ధాంతానికైనా ఊర్లో ఉదాహరణ వెతకడం అన్నది.

పరీక్షలు జూన్‌లో పడ్డాయి. జూన్ అంటే మాకు తోతాపురి మామిడి సీజను, ఫ్యాక్టరీలో రాత్రీ పగలూ తేడా ఉండదు. సెలవు అడిగితే పరీక్ష రోజులకు మాత్రం ఇచ్చారు. మైక్రో ఎకనామిక్స్ పరీక్షకు ముందు రాత్రి నేను వేబ్రిడ్జి దగ్గర బిల్లులు కొడుతున్నాను. గేటు బయట కిలోమీటరు పైగా ట్రాక్టర్లు. గంగాధర నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు రోజులుగా టోకెన్ కోసం ఉన్నాడు, కాయ కింద వరస మెత్తబడి రసం కారుతా ఉంది. కిటికీ దగ్గరికి వచ్చి "ధర ఒక రూపాయి తగ్గించినా పరవాలేదమ్మా, దించుకోమని చెప్పు" అన్నాడు. నా చేతిలో ఏముంది? టోకెన్ వరస మార్చే అధికారం నాకు లేదు. కోసిన కాయను వెనక్కి తీసుకుపోలేడు, దాచుకోలేడు, అమ్మేవాళ్ళు వేలమంది, కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. సప్లై వ్యాకోచత్వం సున్నా అంటే, ధర ఎంత తగ్గినా అమ్మే సరుకు తగ్గించుకోలేకపోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆయన లోడు తెల్లవారుజామున దిగింది. నేను అక్కడి నుంచే బస్టాండుకు పోయాను.

పొద్దున పేపర్లో వ్యాకోచత్వం మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. మెటీరియల్లోని నిర్వచనం రెండు వరుసలు రాసి, మిగిలిన నాలుగు పేజీలూ ఆ ట్రాక్టరు గురించే రాశాను, గీతలతో సహా. ఆ పేపర్లో 68 వచ్చాయి, మిగతావన్నీ యాభైల్లోనే. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అని ప్రకటించారు కదా, ఆ వార్త చదువుతుంటే నాకు మళ్ళా ఆ పెద్దాయనే కళ్ళముందు నిలబడ్డాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. జెరాక్స్ షాపుల్లో రాసిపెట్టిన అసైన్‌మెంట్లు అమ్ముతారు, పేరు మార్చి ఇచ్చేయొచ్చు. దయచేసి కొనొద్దు. అసైన్‌మెంట్ రాయడమే మీకు దొరికే ఒకే ఒక్క సాధన, దాన్ని డబ్బిచ్చి పోగొట్టుకోవడం ఎందుకు? పరీక్ష హాల్లో మూడు గంటలు చెయ్యి ఆడకుండా కూర్చున్నవాళ్ళను నేను చూశాను, వాళ్ళది చూస్తే జాలేస్తుంది. పరీక్షలకు తిరుపతిలో ఉండాల్సి వస్తే గది ముందే చూసుకోండి, శని ఆదివారాల్లో యాత్రికుల రద్దీకి గదులు దొరకవు. నేను ఒకసారి బస్టాండులోనే తెల్లవార్లూ కూర్చుని చదువుకున్నాను. ఆడవాళ్ళు ఒంటరిగా వచ్చి పరీక్ష రాస్తున్నారని సెంటర్లు పెట్టేవాళ్ళు కాస్త ఆలోచిస్తే బాగుంటుంది, మధ్యాహ్నం పరీక్ష పెట్టి సాయంత్రం ఐదున్నరకు వదిలితే పల్లెకు చివరి బస్సు ఎవరికి దొరుకుతుంది?

మా ముగ్గురిలో నేనూ టీచరమ్మాయీ రెండేళ్ళకు పాసయ్యాం. అన్నకు స్టాటిస్టిక్స్ రెండుసార్లు పోయింది, ఆదివారాలు మానకుండా మేమిద్దరం ఆయన కోసం ఫోన్లో కూర్చున్నాం, మూడోసారికి గట్టెక్కాడు.

మీరు ఫీజు కట్టే ముందు ఆఫీసుకు ఫోన్ చేసి కాంటాక్ట్ క్లాసులు ఏ ఊర్లో, ఏ నెలలో, ఎన్ని రోజులు పెడతారో అడగండి. "అవి పెద్దగా ఉండవు మేడం, రాకపోయినా పరవాలేదు" అన్నారంటే అక్కడ కట్టకండి.