135 ఫ్రేమ్‌కి బూస్ట్ చక్రం పడుతుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా పాత అల్యూమినియం మౌంటెన్ బైక్‌కి వెనక 135 మిల్లీమీటర్ల వెడల్పున్న, లివర్‌తో బిగించే క్విక్ రిలీజ్ హబ్ (చక్రం నడిమి భాగం). మహేంద్రగిరి దిగేటప్పుడు వెనక చక్రం ఊగుతోంది. స్నేహితుడు 148 మిల్లీమీటర్ల హబ్ ఉన్న బూస్ట్ రకం చక్రం చౌకగా ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ, ఊరికే ఇచ్చినా వద్దు. ఆ హబ్ మీ ఫ్రేమ్‌కి 13 మిల్లీమీటర్లు ఎక్కువ. పైగా దాని 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (హబ్ గుండా దూర్చే లావు ఇరుసు) మీ సన్నటి డ్రాపవుట్‌లో, అంటే ఫ్రేమ్‌లో ఇరుసు కూర్చునే చోట, దూరదు. ఫ్రేమ్ సాగదీసి పెట్టేస్తాననే మెకానిక్‌లు మా రాయగడలోనూ ఉన్నారు. అల్యూమినియం అలా సాగదు, పగులుతుంది.

142 మిల్లీమీటర్ల హబ్ సంగతి వేరు. అంకె పెద్దదే గానీ, అటూ ఇటూ మూడున్నర మిల్లీమీటర్లు డ్రాపవుట్ గాడిలోకి పోతాయి. లోపల మిగిలేది మీ 135 కొలతే. అందుకే చాలా 142 హబ్‌లు ఎండ్ క్యాప్‌లు (చివరి మూతలు) మారిస్తే 135కి సరిపోతాయి. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది వెతకండి. 141 అనే క్విక్ రిలీజ్ రకం కూడా ఉంది, చూపుకి అచ్చం మీదానిలాగే ఉంటుంది గానీ మీ ఫ్రేమ్‌కి పట్టదు. స్కేలు పెట్టి కొలిచాకే డబ్బులివ్వండి.

బూస్ట్‌లో చక్రం గట్టిగా ఉండే మాట నిజమే. హబ్ అంచులు చెరో 3 మిల్లీమీటర్లు బయటికి జరిగి స్పోక్‌లు వెడల్పుగా నిలబడతాయి.

మీ ఊపు మాత్రం యాక్సిల్ వల్ల కాకపోవచ్చు. రిమ్ పట్టుకుని పక్కకి కదపండి. టక్‌మంటే హబ్‌లో బేరింగ్‌లను పట్టి ఉంచే కోన్‌లు వదులైనట్టే. క్విక్ రిలీజ్ లివర్ మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడేంత బిగువుండాలి, సగం దారిలోనే అడ్డం తగలాలి. స్పోక్‌లు కూడా వదులయ్యాయేమో జంటలుగా నొక్కి చూడండి.