పేరు చూసి ప్రాసెస్‌ను నమ్మితే ఎలా?

ప్రశ్న: మందుల హోల్‌సేల్ షాపుకు విండోస్ బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. కౌంటర్‌లో ఐకాన్ మీద గబగబా నొక్కితే రెండు కాపీలు తెరుచుకుని, ఒకే నంబరుతో రెండు బిల్లులు పడుతున్నాయి. అందుకని ప్రోగ్రామ్ మొదలవగానే నడుస్తున్న ప్రాసెస్‌ల (ప్రోగ్రామ్‌ల) జాబితా చూపే టాస్క్‌లిస్ట్ కమాండ్ నడిపి, నా ఎగ్జీ (ప్రోగ్రామ్ ఫైలు) పేరు అప్పటికే ఉందేమో చూస్తున్నాను. ఒకరోజు పనిచేస్తుంది, ఇంకోరోజు చేయదు. పర్మిషన్ల గొడవ ఉండకూడదని ఫోల్డర్‌కి అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చాను, ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపిస్తున్నాను. తప్పెక్కడ? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పేరు మీద ఆధారపడటమే తప్పు. ప్రోగ్రామర్లు రాసే ఉత్తరాల్లో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, దాదాపు అందరూ మీలాగే టాస్క్‌లిస్ట్‌తోనే మొదలుపెడుతున్నారు. షాపులో ఎవరైనా ఎగ్జీకి ఇంకో కాపీ తీసుకుంటే విండోస్ దాని పేరు చివర 'కాపీ' అని తగిలిస్తుంది. మీరు వెతికే పేరు అది కాదు కాబట్టి దొరకదు. పేరు పొడుగ్గా ఉంటే ఇంకో చిక్కు. టాస్క్‌లిస్ట్ పట్టికగా చూపించేటప్పుడు పేరును 25 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది. వీటన్నిటికన్నా పెద్దది, రెండు కాపీలు ఒకేసారి లేవడం. ఇదీ జాబితా చూస్తుంది, అదీ చూస్తుంది. ఒకదానికొకటి కనబడి రెండూ మూసుకుపోతాయి. అప్పుడు కౌంటర్ నుంచి మీకు ఫోన్ వస్తుంది: "ఎంత నొక్కినా ఏమీ రావట్లేదు సార్."

చూడటానికీ, చూసి నిర్ణయించుకోవడానికీ మధ్య సందు ఉన్నంతకాలం ఇది తప్పదు. ఆ సందు లేకుండా చేయడానికే విండోస్‌లో మ్యూటెక్స్ ఉంది, మనం పేరు పెట్టుకునే ఒక తాళం లాంటిది. ప్రోగ్రామ్ మొదటి వరుసల్లోనే క్రియేట్‌మ్యూటెక్స్ అనే ఫంక్షన్‌ను పిలవండి. పేరుగా మీరు తయారుచేసుకున్న ఒక జీయూఐడీ (ఇంకొకరిదానితో కలవని పొడుగాటి గుర్తింపు) ఇవ్వండి. వెంటనే గెట్‌లాస్ట్‌ఎర్రర్ ఇచ్చే నంబరు చూడండి. 183 వస్తే ఇంకో కాపీ మీకన్నా ముందే లేచిందన్నమాట. హ్యాండిల్ రాకుండా 5 వస్తే, ఆ పేరుతో మ్యూటెక్స్ ఉంది కానీ దాన్ని తాకే హక్కు మీకు లేదు. దాన్నీ నడుస్తున్నట్టే లెక్కేయండి. సృష్టించడం, ముందే ఉందో లేదో తెలియడం ఒకే దెబ్బలో అయిపోతాయి కాబట్టి మధ్యలో ఎవరూ దూరలేరు. ప్రోగ్రామ్ క్రాష్ అయినా విండోస్ దాన్ని తనే తీసేస్తుంది. నడుస్తున్నట్టు గుర్తుగా ఫైలు పెట్టే పద్ధతిలోలా, కరెంటు పోయినప్పుడు ఆ లాక్ ఫైల్ మిగిలిపోయి, మర్నాడు పొద్దున ప్రోగ్రామ్ తెరుచుకోక అవస్థపడే పరిస్థితి రాదు. ఒకే మెషీన్‌లో ఇద్దరు యూజర్లు లాగిన్ అవుతుంటే పేరు ముందు 'గ్లోబల్' చేర్చాలి, లేకపోతే ఎవరి సెషన్‌కి వారి మ్యూటెక్స్ అవుతుంది. డాట్‌నెట్‌లో రాస్తుంటే దాన్ని స్టాటిక్ ఫీల్డ్‌లో ఉంచండి. లోకల్ వేరియబుల్‌లో వదిలేస్తే, వాడకంలో లేనివాటిని తీసేసే గార్బేజ్ కలెక్టర్ మధ్యలోనే ఊడ్చేయవచ్చు. ఈ పొరపాటు డీబగ్ బిల్డ్‌లో కనబడదు, షాపుకు ఇచ్చిన రిలీజ్ బిల్డ్‌లో బయటపడుతుంది.

ఇంత చేసినా బిల్లు నంబర్ల సంగతి తేలదు. రేపు వాళ్లు రెండో కంప్యూటర్ పెడితే మీ మ్యూటెక్స్ అక్కడికి చేరదు. జీఎస్టీ 46వ నిబంధన ప్రకారం ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, వరుసలో ఉండాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. ఆ హామీ ఇవ్వాల్సింది డేటాబేస్. ఆర్థిక సంవత్సరం, బిల్లు నంబరు కలిపి, అదే జత రెండోసారి పడనివ్వని యూనిక్ ఇండెక్స్ పెట్టండి, నంబరు తీసుకోవడం, బిల్లు రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరిగేలా చూడండి.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టినవి చివరి రెండు మాటలు: ఫుల్ కంట్రోల్, అడ్మినిస్ట్రేటర్. మీ ప్రోగ్రామ్ టాస్క్‌లిస్ట్‌ను పూర్తి పాత్ లేకుండా ఉత్త పేరుతో పిలుస్తోందనుకుందాం. విండోస్ దాన్ని ఎక్కడ వెతుకుతుంది? క్రియేట్‌ప్రాసెస్‌తో నేరుగా పిలిస్తే మొట్టమొదట మీ ఎగ్జీ ఉన్న ఫోల్డర్‌లో. కమాండ్ ప్రాంప్ట్ ద్వారా పిలిస్తే ముందుగా ఆ క్షణంలో ఉన్న ఫోల్డర్‌లో. అసలు టాస్క్‌లిస్ట్ ఉండే సిస్టమ్32 ఫోల్డర్ వంతు ఆ తర్వాతే. మీ బిల్లింగ్ ఫోల్డర్‌లోకి ఎవరైనా రాయగలరు. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైరస్ కావచ్చు, జీతం దగ్గర గొడవపడి మానేసిన కుర్రాడు కావచ్చు. టాస్క్‌లిస్ట్ అనే పేరుతో తమ ఎగ్జీ ఒకటి అక్కడ పడేస్తే చాలు. మర్నాడు పొద్దున షాపు షట్టర్ తీసి ప్రోగ్రామ్ తెరవగానే, మీ ప్రోగ్రామే దాన్ని అడ్మిన్ హక్కులతో నడిపిస్తుంది. తెర మీద ఎప్పటిలాగే 'అనుమతిస్తారా' అని అడుగుతుంది, అడిగేది మీ ప్రోగ్రామ్ పేరే కాబట్టి క్యాషియర్ యెస్ నొక్కుతాడు. ఇక ఆ మెషీన్ మీది కాదు.

అందుకే చిన్న విషయం తెలుసుకోవడానికి బయటి కమాండ్‌ను నడపకండి. వేరే ప్రోగ్రామ్ నడుస్తోందో లేదో నిజంగా చూడాల్సి వస్తే విండోస్‌నే నేరుగా జాబితా అడిగే టూల్‌హెల్ప్ స్నాప్‌షాట్ ఏపీఐ ఉంది, డాట్‌నెట్‌లో గెట్‌ప్రాసెసెస్‌బైనేమ్ ఉంది (పేరులో ఎగ్జీ అనే తోక తీసేసి ఇవ్వాలి). అక్కడా పేరుతో ఆగకుండా ఫైలు పూర్తి పాత్ చూడండి. విండోస్ సొంత ప్రాసెస్‌లా ఎస్‌వీసీహోస్ట్ అని పేరు పెట్టుకోవడానికి ఏ వైరస్‌కీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు బిల్లు కొట్టడానికి అడ్మిన్ హక్కులు ఎందుకండీ? ప్రోగ్రామ్ తన డేటాను తన ఎగ్జీ పక్కనే రాసుకుంటోంది కాబట్టి. ఎగ్జీని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, డేటాను ప్రోగ్రామ్‌డేటాలో పెడితే ఆ అవసరమే ఉండదు. మన ఊళ్లలో ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చేవాళ్లు ముందు యాంటీవైరస్ ఆపుతారు, తర్వాత యూఏసీ (ఆ 'అనుమతిస్తారా' అని అడిగేది) ఆపుతారు, ఫోల్డర్‌కి ఫుల్ కంట్రోల్ ఇస్తారు, టిక్కులన్నీ పెట్టి 'అయిపోయింది సార్' అని వెళ్లిపోతారు. వాళ్ల పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ షాపు మాత్రం ఏళ్ల తరబడి తలుపులు తీసిపెట్టినట్టే ఉంటుంది. జీఎస్టీ లెక్కలు, అప్పు ఖాతాలు, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆ ఒక్క మెషీన్‌లోనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు దీన్ని ఇన్‌స్టాలేషన్ పద్ధతి అని పుస్తకంలో రాసి మరీ ఇస్తున్నారు. ఇది పద్ధతి కాదు, నిర్లక్ష్యం.

ప్రశ్న: లినక్స్ సర్వర్‌లో మా సర్వీస్ బతికుందా అని ఐదు నిమిషాలకోసారి స్క్రిప్ట్ చూస్తుంది. పీఎస్ కమాండ్ ఇచ్చే ప్రాసెస్‌ల జాబితాలో సర్వీస్ పేరును గ్రెప్ కమాండ్‌తో వెతుకుతున్నాం. సర్వీస్ ఆగిపోయినా ఉందనే చెబుతోంది. (హైదరాబాద్)

జవాబు: గ్రెప్ కమాండ్‌లోనే ఆ పేరు ఉంది కదా, అది తనను తానే పట్టుకుంటోంది. పీగ్రెప్ వాడండి, కాకపోతే అది మామూలుగా చూసే పేరు 15 అక్షరాలకే పరిమితం. పిడ్ ఫైల్‌లో రాసి ఉంచిన ప్రాసెస్ నంబరుకు సిగ్నల్ 0 పంపి, బతికుందో లేదో చూసే పద్ధతిలోనూ గుంట ఉంది: పాత ప్రాసెస్ పోయాక అదే నంబరు ఇంకోదానికి రావచ్చు. సర్వీసును లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీకి అప్పగించి, పడిపోతే లేపమని చెప్పండి. పైగా ప్రాసెస్ ఉన్నంత మాత్రాన పని జరుగుతున్నట్టు కాదు. హ్యాంగ్ అయినదీ జాబితాలో కనిపిస్తుంది. దాని పోర్టుకు ఒక రిక్వెస్ట్ పంపి జవాబు వస్తోందా చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకునే టైములో గేమ్ తెరిస్తే తెలియడానికి ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నాను. నడుస్తున్న యాప్‌ల జాబితా అడిగితే నా యాప్ ఒక్కటే వస్తోంది. యాక్సెసిబిలిటీ సర్వీస్ వాడమని స్నేహితుడు చెప్పాడు. (విశాఖపట్నం)

జవాబు: వాడకండి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఒక యాప్ ఇంకో యాప్‌ను తొంగిచూసే దారులు మూస్తూ వచ్చారు, దానికి కారణం ఉంది. బ్యాంకు యాప్ తెరిచిన క్షణం తెలిస్తే, దొంగ యాప్ సరిగ్గా దాని మీద అలాంటిదే లాగిన్ తెర పరిచి పిన్ కాజేస్తుంది. మీ పనికి యూసేజ్ యాక్సెస్ అనుమతి చాలు. సెట్టింగ్స్‌లో మీరే దాన్ని ఆన్ చేసి, యూసేజ్‌స్టాట్స్‌మేనేజర్‌తో ఏ యాప్ ఎప్పుడు ముందుకొచ్చిందో తెలుసుకోండి. యాక్సెసిబిలిటీ అలా కాదు. తెర మీది అక్షరాలు చదువుతుంది, మీ బదులు బటన్లు నొక్కుతుంది. చూపు లేనివారికి అది ప్రాణాధారం. పెళ్లి కార్డు అని, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్) ఫైళ్లు కోరుకునేదీ దాన్నే.

ఈ పూటే ఇంట్లో అందరి ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచి, యాక్సెసిబిలిటీ కింద ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ల వరుస చూడండి. తెలియని పేరు ఆన్‌లో ఉంటే ముందు నెట్ ఆపి, దాన్ని ఆఫ్ చేసి, యాప్ తీసేయండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనబడితే బ్యాంకు తెరిచేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.