ఆర్టిచోక్‌కి ఆగస్టులోనే నారు పొయ్యి

అమ్మడూ,

ఆర్టిచోక్, అదే పూమొగ్గని కూరగా తినే మొక్క, పెంచాలని ఉందని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి నాకదే ధ్యాస. హైదరాబాద్ సైనిక్‌పురిలో మా డాబా మీద నాలుగేళ్లుగా పెంచుతున్నాను కదా, నువ్వు విత్తనాలు కొనేలోపే చెప్పాలని రాస్తున్నాను.

ఆర్టిచోక్ బాగా పండించే కాలిఫోర్నియాలోని కాస్ట్రోవిల్ వైపు ఎండ మండదు, చలి గడ్డకట్టించదు. అక్కడ ఒకసారి నాటితే మొక్క కొన్నేళ్లు కాస్తుంది. అది చదివి మొదటి ఏడాది నేను జనవరిలో విత్తాను. ఆకులైతే ఏపుగా వచ్చాయి గానీ ఏప్రిల్ ఎండకి ఒక్కొక్కటే వాలిపోయాయి. ఒక్క మొగ్గా లేదు, ఎంత బాధేసిందో! ఈ మొక్క మొగ్గ తొడగాలంటే ముందు 10 డిగ్రీల దగ్గర కొన్నాళ్లు చలి తగలాలి. మన ఊళ్లో ఆ చలి డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే, అదీ కొద్ది రోజులే. అప్పటికి మొక్క ఎదిగి ఉండాలంటే ఆగస్టులో నారు పోయాల్సిందే.

ఇంపీరియల్ స్టార్ రకం తీసుకో. తక్కువ చలికే, మొదటి ఏడాదే కాస్తుంది. నేను విత్తనాలు తడిగుడ్డలో చుట్టి రెండు వారాలు ఫ్రిజ్‌లో పెట్టి మరీ విత్తుతాను.

మొక్క మూడు నాలుగు అడుగులు పరుచుకుంటుంది, అందుకని పెద్ద గ్రో బ్యాగ్‌కి ఒక్కటే. ఎర్రమట్టిలో వర్మీకంపోస్టు దండిగా కలుపు. నీళ్లు బాగా కావాలి, కానీ నిలవకూడదు, వేరు కుళ్లుతుంది. ఆకుల అడుగున పేనుబంక చూస్తూ ఉండు. కనబడితే ముందు పైపు నీళ్లతో గట్టిగా కొట్టు, తగ్గకపోతే వేపనూనె.

మన తాండూరు కుసుమలకి ఇది చుట్టమే. తినేది పువ్వు విచ్చకముందు మొగ్గనే. పిడికిలంత అయ్యాక రెండు వేళ్లతో నొక్కి చూడు, రేకులు బిగుతుగా ఉండి కిర్రుమంటే కోసెయ్. అవి విడితే పీచెక్కుతుంది. నడిమొగ్గ కోశాక పక్కన చిన్నవి వస్తాయి. ఇనుప కత్తిపీట వాడకు, నల్లబడుతుంది. స్టీలు చాకుతో కోసి నిమ్మకాయ రుద్ది, అరగంట పైనే ఆవిరి మీద ఉడికించు. రేకు మొదట్లో ఉన్న కండ పళ్లతో గీరి తినాలి. లోపలి నూగు తీసేస్తే అడుగున మెత్తటి గుండె దొరుకుతుంది. నెయ్యి, మిరియాలపొడితో తిను. తర్వాత మంచినీళ్లు కూడా తియ్యగా అనిపిస్తాయి.

ఏప్రిల్లో మొక్క వాడితే టెన్షన్ పడకు. గ్రీన్ నెట్ కట్టినా నాకు ఒక్కటే బతికింది. మళ్లీ ఆగస్టులో విత్తుకోవడమే.

ఈసారి నీ కోసం నాలుగు గింజలు ఎక్కువ వేస్తాను. సెప్టెంబరు చివర్లో వచ్చి నారు పట్టుకెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ