మ్యాడిసన్‌లో ఎమ్మెస్‌కి వస్తున్నాను. ఇండియా నుంచే అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టొచ్చా?

పెట్టొచ్చు, చాలామంది పెట్టే వస్తారు. ఫొటోల్లోని సోఫా, ఎండ పడే కిటికీ మీకిచ్చే ఫ్లాటువి కాకపోవచ్చు, అంతే. నన్నడిగితే అసలు చూడాల్సింది లీజు తారీఖులు.

మ్యాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీ చుట్టుపక్కల లీజులు చాలావరకు ఆగస్టు 15న మొదలై మరుసటి ఏడు ఆగస్టు 14న ముగుస్తాయి. 14 మధ్యాహ్నానికల్లా పాత ఇల్లు ఖాళీ చేయాలి. కొత్త ఇంటి తాళం 15న గానీ ఇవ్వరు. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది మీ ఖర్మ. ఓనర్లు క్లీనింగు, పెయింటు ఆ కాసిన్ని గంటల్లోనే కానిచ్చుకోవాలట. ఏడాది అద్దె పూర్తిగా కట్టించుకుని ఒక రాత్రి రోడ్డు మీద నిలబెట్టే పద్ధతిని నేనింకెక్కడా చూడలేదు.

మేం నలుగురం జాన్సన్ స్ట్రీట్ నుంచి రీజెంట్ స్ట్రీట్ వైపు మారినప్పుడు ఇదే జరిగింది. అద్దె వ్యాన్లన్నీ ముందే బుక్కయిపోయాయి. ఓ ఫ్రెండు కారులో విడతలు విడతలుగా సామాను తెచ్చి కొత్త బిల్డింగు ముందు గడ్డి మీద పోసుకుని కూర్చున్నాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరంతా పాత సోఫాలు, మైక్రోవేవ్‌లు, దీపాలు రోడ్డు పక్కన వదిలేస్తారు. కావలసినవాళ్లు ఏరుకుపోతారు. దీనికి హిప్పీ క్రిస్మస్ అని పేరు. మాది కూడా పారేసిన సామానే అనుకున్నారు జనం. చీకటి పడ్డాక ఒకతను మా గుంటూరు రూమ్మేటు గ్రైండర్ ఎత్తుకుని నడవడం మొదలుపెట్టాడు. 110 వోల్టులది వెతికి కొని, సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మరీ తెచ్చుకున్న గ్రైండర్ అది! వీడు వెంటపడి ఆపితే, అతను చాలా మర్యాదగా, "ఇది ఐస్‌క్రీమ్ మెషీనా?" అని అడిగాడు. ఆ రాత్రంతా మావాడు గ్రైండర్ మీద చెయ్యేసుకునే కునుకు తీశాడు. మిగతావాళ్లం దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాం. అందుకే చెప్తున్నా, మీ లీజు 15న మొదలైతే అంతకు ముందు ఫ్లైటు దిగకండి. దిగితే సీనియర్ల హాల్లో చాపే గతి. వాళ్లూ అదే రోజు ఇల్లు మారుతుంటే ఆ చాపా దొరకదు.

అద్దెలో హీటింగ్ కలిసి ఉందో లేదో కూడా అడగండి. 2019 జనవరి చివర్లో చలికి యూనివర్సిటీ క్లాసులే రద్దు చేసింది. అలాంటి నెలలో హీటింగ్ బిల్లు మీరే కట్టాలంటే థర్మోస్టాట్ దగ్గర రోజూ పంచాయితీయే. ఒకడు పెంచుతాడు, ఇంకొకడు తగ్గిస్తాడు, మూడోవాడు బిల్లు ఫొటో తీసి గ్రూపులో పెడతాడు.

రూమ్మేట్ల గురించి వాట్సాప్‌లో వెజ్జా నాన్‌వెజ్జా అని తెగ ఆరా తీస్తారు గానీ, మధ్యలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే అద్దె ఎవరు కడతారని ఒక్కరూ అడగరు. నలుగురూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే ఎగ్గొట్టినవాడి వాటా కోసం ఓనరు మిగతావాళ్ల మీద పడతాడు. ఎండాకాలంలో మన గదిని సబ్‌లీజుకి, అంటే ఇంకొకరికి అద్దెకి, ఇద్దామంటే ఊళ్లో అందరూ అదే పనిలో ఉంటారు, సగం రేటు వస్తే గొప్ప.

డిపాజిట్ విషయంలో మాత్రం విస్కాన్సిన్ రాష్ట్రం రూల్స్ మంచివి. ఖాళీ చేశాక 21 రోజుల్లో తిరిగివ్వాలి, లేదా ఎందుకు కోశారో రాసివ్వాలి. మామూలు వాడకానికి మాసిన కార్పెట్ కడిగించి ఆ ఖర్చు అందులోంచి కోయకూడదు. మా ఓనరు కోశాడు. ఏటీసీపీ 134 అని రూలు నంబరు వేసి మెయిల్ పెడితే మారు మాట్లాడకుండా చెక్కు పంపాడు. కాకపోతే చెక్కు నలుగురి పేరు మీదా కలిపి రాశాడు. అప్పటికి ఒకడు సియాటిల్‌లో ఉద్యోగంలో చేరిపోయాడు, అందరి సంతకాలూ లేనిదే చెక్కు తీసుకునేది లేదన్నారు బ్యాంకువాళ్లు. డబ్బు ఎవరి పేరున రావాలో ఖాళీ చేసే రోజే ఓనరుకి రాసిచ్చేయండి.