మెష్ మార్చడానికి షిఫ్టంతా ఎందుకు పడుతోంది?

ప్రశ్న: వైబ్రేటింగ్ స్క్రీన్లు, అదే రాయినీ బొగ్గునీ సైజుల వారీగా జల్లించే పెద్ద మిషన్లు, తయారుచేసే చోట డిజైన్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. కంప్యూటర్లో అన్నీ చక్కగా కూర్చుంటాయి. మిషన్ సైట్‌కి వెళ్లాక మాత్రం ఫిట్టర్ల చేత తిట్లే. కింది డెక్, అంటే కింది జల్లెడ అంతస్తు, మెష్ (జల్లెడ వల) మార్చడానికి షిఫ్టంతా పడుతోందట, బేరింగ్ తీయాలంటే సగం మిషన్ విప్పాలట. విడిభాగాల సంఖ్య తగ్గించు, అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు మా పైవాళ్లు. నిజమేనా?

జవాబు: కొంత నిజమే, కానీ నేనైతే అక్కడ మొదలుపెట్టను. ముందు ఒక కాగితం మీద, మీ మిషన్లో దేన్ని ఎన్నాళ్లకోసారి విప్పుతారో వరసగా రాయండి. రాయి గరుకైతే మెష్ వారాల్లోనే అరుగుతుంది. బెల్టులు, మెష్‌ని కింద నుంచి మోసే సపోర్ట్ బార్ల మీది రబ్బరు ఆ తర్వాత. బేరింగులు, స్ప్రింగులు ఇంకా ఆలస్యంగా. పక్క గోడల్లాంటి సైడ్ ప్లేట్లనూ, వాటిని కలిపే క్రాస్ బీములనూ అయితే మిషన్ బతికున్నంత కాలం ముట్టుకునే పని రాకూడదు. ఇప్పుడు డ్రాయింగ్ పక్కన పెట్టుకుని చూడండి, తరచూ విప్పాల్సింది ఎప్పుడూ విప్పనిదాని వెనక ఇరుక్కుని ఉందా? ఉంటే మీ ఫిట్టర్లు తిట్టడంలో తప్పు లేదు.

కింది డెక్ సంగతే తీసుకుందాం. మెష్ అంచుల్లోని హుక్కుల్ని క్లాంప్ రైలుతో రెండు పక్కలకీ లాగి బిగిస్తారు కదా, ఆ బిగువు సరిగ్గా లేకపోతే మెష్ సపోర్ట్ బార్ మీద టపటపా కొట్టుకుని తొందరగా తెగుతుంది. అంటే ఆ బోల్టుల్ని మాటిమాటికీ సరిచూడాల్సిందే. మనిషి రెండు డెక్కుల మధ్య బోర్లా పడుకుని, టార్చ్ నోట కరుచుకుని, చేయి చాచి స్పానర్ తిప్పాలి. మామూలు ఆరు పలకల నట్టుకి స్పానర్ ఒక్కో పట్టుకి 60 డిగ్రీలు తిరగాలి, తల వంపున్నదాన్ని తిరగేసి పట్టుకుంటే 30 చాలు. మీ మోడల్లో బోల్టు పడుతుంది సరే, స్పానర్ తిరగడానికీ, దాన్ని పట్టుకున్న మోచేతికీ చోటు ఉందా? బోల్టు తల, నట్టు రెండూ సైడ్ ప్లేట్ బయట నుంచే అందేలా చేయగలిగితే సగం బాధ పోతుంది. పైకి తేలిన మరల్లో దుమ్మూ తడీ చేరి గట్టిపడితే చివరికి గ్యాస్ కటింగే గతి, కాబట్టి వాటికి రబ్బరు టోపీలు పెట్టండి. 305 మిల్లీమీటర్ల చదరపు పాలీయురేథేన్ ప్యానెళ్లు మీ మెటీరియల్‌కి సరిపోతాయేమో కూడా చూడండి. రాయి వచ్చి పడే చోటే ముందు అరుగుతుంది, అక్కడి నాలుగు పలకలు మారిస్తే చాలు, డెక్కంతా ఊడదీయక్కర్లేదు.

బేరింగ్ దగ్గర ఇంకో చిక్కు ఉంది, ఇది డిజైన్ వాళ్లు ఫిట్టర్లకి చెప్పరు. పంపులోనో మోటారులోనో మామూలుగా లోపలి రింగు షాఫ్ట్ మీద బిగుతుగా, బయటి రింగు హౌసింగ్‌లో కాస్త వదులుగా ఉంటుంది. ఇక్కడ తిరగబడుతుంది. మిషన్‌ని ఊపే అసమతూక బరువు షాఫ్ట్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి లోపలి రింగులో ఎప్పుడూ ఒకే వైపు లోడు పడుతుంది, బయటి రింగుకి మాత్రం చుట్టూ తిరుగుతూ పడుతుంది. అందుకే బయటిది బిగుతు, లోపలిది వదులు. అలవాటు కొద్దీ ఉల్టాగా బిగించారంటే బయటి రింగు హౌసింగ్‌లో జారి జారి దాన్నే తినేస్తుంది. ఈ పనిని దుమ్ములో, మిషన్ మీద నిలబడి చేయించకండి. బేరింగ్, హౌసింగ్, సీలు కలిపి ఒకే యూనిట్‌గా పక్కకి బయటికి వచ్చేలా డిజైన్ చేస్తే, స్పేర్ యూనిట్ ఎక్కించి పాతదాన్ని వర్క్‌షాపులో బల్ల మీద తీరిగ్గా విప్పుకుంటారు. హౌసింగ్ ఫ్లాంజ్‌లో రెండు త్రెడ్ హోల్స్ అదనంగా ఇవ్వండి, వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే యూనిట్ దానంతటదే బయటికి జరుగుతుంది. లేకపోతే సమ్మెట తీస్తారు, తీసి తీరతారు. బరువెంతో యూనిట్ మీదే రాయించండి, చెయిన్ బ్లాక్ ఎక్కడ తగిలించాలో కూడా డ్రాయింగులో చూపించండి.

రెండు షాఫ్టుల ఎక్సైటర్ (మిషన్‌ని ఊపే యూనిట్) అయితే గేర్ల మీద టైమింగ్ గుర్తులు చెక్కించడం మరవొద్దు, ఒక్క పన్ను తేడా వచ్చినా స్క్రీన్ ఊగే కోణమే మారిపోతుంది.

ఇక విడిభాగాలు తగ్గించడం. విడిభాగాలు తగ్గించడానికి బూత్‌రాయిడ్, డ్యూహర్స్ట్ అనే ఇద్దరు ఇంజినీర్లు రూపొందించిన పద్ధతిలో ప్రతి భాగానికీ మూడు ప్రశ్నలు వేస్తారు: పక్కదానితో పోలిస్తే ఇది కదలాలా, వేరే మెటీరియల్‌తోనే ఉండాలా, విడిగా లేకపోతే మిగతావి బిగించలేమా? బెల్ట్ గార్డుకి, మోటారు బేస్‌కి, చ్యూట్లకి ఈ లెక్క బాగా పనికొస్తుంది. ఊగే ఫ్రేముకి గుడ్డిగా వాడితే కొంప మునుగుతుంది.

ప్రశ్న: (ఇదీ ఆయనదే) అయితే సైడ్ ప్లేట్లకి క్రాస్ బీముల్ని వెల్డ్ చేసేస్తే వందల బోల్టులు తగ్గుతాయి కదా?

జవాబు: తగ్గుతాయి, పగుళ్లు మొదలవుతాయి. నిమిషానికి 900 చుట్లంటే ఆపకుండా నడిచే మిషన్‌కి రోజుకి దాదాపు 13 లక్షల ఊపులు. మధ్య నుంచి అటు 5, ఇటు 5 మిల్లీమీటర్లు ఊగుతుందనుకుంటే, ఒక్కో ఊపులో భూమ్యాకర్షణకి నాలుగున్నర రెట్ల త్వరణం. వెల్డింగ్ వేడికి పక్కనే మిగిలిపోయిన ఒత్తిడి ఇన్ని ఊపులకి పగులుగా బయటపడుతుంది. కేబుల్ క్లాంపో లైటో పెట్టడానికి సైట్‌లో ఎవరో ఒక చిన్న ముక్క సైడ్ ప్లేట్‌కి అంటిస్తారు, పగులు సరిగ్గా అక్కణ్నుంచే పాకుతుంది. వాటికి కదలని ఫ్రేము మీద మీరే ముందుగా చోటు చూపిస్తే వాళ్లకి ఆ పని పడదు.

స్ప్రింగ్ వాషర్ వేశాం కదా అని కూడా నిశ్చింతగా ఉండకండి. పక్కవాటుగా ఊగుతుంటే నట్టు తనంతట తానే ఎలా వదులవుతుందో ఇంజినీర్ గెర్హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు. కావాల్సింది సరైన టార్క్‌తో వచ్చే బిగువు, మొదటి షిఫ్టు నడిచాక మళ్లీ చెకింగు. ఎప్పుడూ విప్పని చోట లాక్ బోల్టులు వాడండి. వాటి కాలర్ కోస్తే తప్ప ఊడవు, అందుకే మెష్ క్లాంపుల దగ్గరికి మాత్రం వాటిని రానివ్వకండి.